విప్పాక మాట మార్చకూడదు

ఫిబ్రవరి 6
ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం

అమ్మడూ,

నేను బాగానే ఉన్నాను. ముందు ఈ ముక్క రాయకపోతే ఉత్తరం సగంలోనే ఏడుపు అందుకుంటావు. కడుపులో పుండు కోసి తీసేశారు. నిన్న కుట్లు కూడా విప్పారు. డాక్టరు మంచివాడే, చెయ్యి చల్లనిదే, కుట్టు మాత్రం నాసిరకం. ఒకటి దగ్గర, ఒకటి దూరం. "బాబూ, మా కొట్లో ఎవరైనా ఇలా కుడితే విప్పించి మళ్ళీ కుట్టించేదాన్ని" అన్నాను. ఆయన నవ్వాడు. ఆయన్ని చూసి నాకూ నవ్వొచ్చి, కడుపు పట్టుకుని కాసేపు చచ్చి బతికాను.

ఇక్కడి పరుపు సంగతి ఏం చెప్పను! దూదంతా కాళ్ళ వైపు జారిపోయి నడుం దగ్గర ఉత్త గుడ్డ మిగిలింది. మంచం పట్టీలు వీపుకి గుచ్చుకుంటున్నాయి. ఊరందరికీ పరుపులు కుట్టినదాన్ని, నా రాత చూడు.

ఫోను మోగడం లేదని కంగారుపడకు. దాన్ని కింద కౌంటరులో భద్రంగా పెట్టారు. మన బస్సు కండక్టరుకి ఉత్తరం ఇస్తే గేటు దగ్గర వాచ్‌మన్‌కి అందిస్తాడు, అతను పైకి పంపుతాడు. నేను ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉండాలి. ఎందుకని అడగొద్దు. రావొద్దు. నీ పరీక్షలు ముందు. మన ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదానివి. ఆఖరి పరీక్షలకి మొహం చాటేస్తే మీ నాన్న కలలోకొచ్చి నన్ను తిడతాడు.

ఒక్క మాట. కొట్లో మూలనున్న చారల పరుపు జోలికి పోకు. అది నేనొచ్చాక నా చేతుల మీదుగా విప్పాలి.

పరుపుల మీద బతికి ఇప్పుడు పరుపు మీద పడ్డ
మీ అత్త


ఫిబ్రవరి 9
కొట్టు, దూది బస్తాల మధ్య

అత్తకి,

నీ ఉత్తరం నవ్వించింది, అందుకే భయం వేసింది. నువ్వు మరీ నవ్విస్తున్నావంటే ఏదో దాస్తున్నావని అర్థం. నాన్న పోయిన వారం కూడా ఇల్లంతా నవ్వించావు.

కుట్లు విప్పాక ఇంటికి పంపాలి కదా. ఎదురింటి డ్రైవరు భార్యకి ఇలాంటి ఆపరేషనే అయింది. కుట్లు విప్పిన సాయంత్రమే ఇంటికొచ్చి పక్కింటావిడతో పోట్లాట కూడా పెట్టుకుంది. మరి నిన్నెందుకు ఉంచారు? పుండు అన్నది పుండేనా? లైబ్రరీలో వైద్యం పుస్తకం తీసి చూశాను, చూడకుండా ఉండాల్సింది. కడుపుకి వచ్చే జబ్బులన్నీ అందులో ఒకదాన్ని మించి ఒకటి ఉన్నాయి. ఏదైనా సరే, నాకు నిజం చెప్పు. నేనింకా పలక పట్టుకుని నీ ఒళ్ళో కూర్చునే పిల్లని కాను. ఆ పలక మీద నాతోపాటే అక్షరాలు దిద్దుకున్నదానివి, అబద్ధాలు రాయడానికా నేర్చుకున్నావు?

కొట్టు నడుస్తోంది. దూది ఏకే యంత్రం బెల్టు తెగితే నేనే కుట్టాను. యంత్రం ఒక పక్క తిరుగుతుంటే ఇంకో పక్క చదువుకుంటున్నాను. ఆర్థికశాస్త్రం పుస్తకం తెరిస్తే పేజీల మధ్య మబ్బులు లేస్తున్నాయి.

చారల పరుపు సంగతి అర్థమైంది. ఎవరికీ చెప్పను. నువ్వు నిశ్చింతగా ఉండు.

నిజం కోసం కాచుకుని ఉన్న
నీ మేనకోడలు


ఫిబ్రవరి 12
అదే కిటికీ, అదే మంచం

చదువుల పిల్లా,

ముందు ఆ వైద్యం పుస్తకం మూసెయ్యి. నాకు ఏ జబ్బూ లేదు, గుండ్రాయిలా ఉన్నాను. నన్ను పట్టుకున్నది జబ్బు కాదు, బిల్లు.

చేరేముందు కౌంటరులో అడిగాను. మీ నాన్న "ఎంతవుతుందో" అని అడగడానికే భయపడి, నొప్పిని పళ్ళ బిగువున దాచుకుని ఇంట్లోనే పోయాడు. మా అన్నలా పోకూడదనే నేను గొంతెత్తి అడిగాను. "మొత్తం కలిపి ఎంత బాబూ?" ఒక ధర చెప్పారు. "మందులూ మంచమూ అన్నీ కలిపేనా?" "అన్నీ కలిపేనమ్మా." అక్కడికక్కడే కట్టేశాను. కొత్త యంత్రం కోసం దాచిందంతా ఊడ్చి ఇచ్చాను. బతికుంటే యంత్రం అదే వస్తుంది అనుకున్నాను.

కుట్లు విప్పిన రోజు ఇంకో బిల్లు తెచ్చారు. చేతి తొడుగులకి వేరు, సూదికి వేరు, మాత్రలు పోసిచ్చిన కాగితం గ్లాసుకి వేరు. ఇంకా కిందికి చదివితే, దూదికి! దూదికే అమ్మడూ! నాకు దూది అమ్మారు! చేపకి నీళ్ళు అమ్మినట్టు. ఆ ధరకి మన కొట్లో నాలుగు బస్తాలు దిగుతాయి. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

ఇదంతా కడితేగాని ఇంటికెళ్ళే చీటీ ఇవ్వరట. చీటీ లేనిదే గేటు దాటనివ్వరు. ఫోను హామీగా పట్టుకున్నారు. పైగా నేనిక్కడున్న ప్రతి రోజుకీ మంచం అద్దె ఎక్కుతోంది. పట్టుకున్నది వాళ్ళు, అద్దె నాకు. ఏం న్యాయమో!

పక్క మంచంలో ఇటుకల బట్టీలో పనిచేసే ఆవిడ ఉంది. నాకంటే ముందునుంచీ బందీ. దుప్పట్లు ఉతుక్కి తీసుకెళ్ళే బండి పోయే వెనక తలుపు ఒకటుందనీ, చాలామంది అలాగే జారుకుంటారనీ చెవిలో చెప్పింది. "మరి నువ్వెందుకు పోలేదు?" అంటే, "మోకాళ్ళు పరిగెత్తనివ్వవు" అంది. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి, అయినా పోను. చెప్పిన డబ్బు చెప్పినట్టు కట్టి ముందు తలుపులోంచి వచ్చాను. ముందు తలుపులోంచే పోతాను. దొంగదారిన పోతే దొంగనని ఒప్పుకున్నట్టే.

నువ్వు వడ్డీవాడి గుమ్మం ఎక్కినా, యంత్రం అమ్మినా, ఈ అత్త నీకు లేనట్టే.

అద్దె కట్టని అద్దెమనిషి,
మీ అత్త


ఫిబ్రవరి 15
కొట్టు

అత్తా,

ఏడవలేదు. కోపం వచ్చింది, ఆ కోపంలో రెండు పనులు చేశాను. రెండూ నీకు నచ్చుతాయి.

మొదటిది. ఆ ఆసుపత్రిలో బీదవాళ్ళ కోసం దాతల నిధి ఒకటి ఉందట. బాగా రాసిన దరఖాస్తు వెళితే బిల్లు తగ్గిస్తారట. ఇన్నేళ్ళు నువ్వు చదివించిన చదువు ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అక్కరకొస్తుంది? కూర్చుని రాశాను. "భర్త లేక, ఆస్తి లేక, దిక్కులేని నిరుపేద మహిళ. తమ దయాదాక్షిణ్యాలే ఆమెకు శరణ్యం. తమ పాదాలకు మొక్కి వేడుకొంటున్నాను." మా లెక్చరరుకి చూపిస్తే భాష గంభీరంగా ఉందన్నారు. కండక్టరు చేత కౌంటరుకి పంపాను.

రెండోది. చారల పరుపు విప్పాను. వద్దన్నావు, తెలుసు. కానీ దాచుకున్న డబ్బు ఇలాంటప్పుడు తియ్యకపోతే ఇంకెందుకు? నీకు తలవంపులు లేకుండా నేనే తీసి తెద్దామనుకున్నాను. మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికాను. దూది తప్ప ఏమీ లేదు. అదీ లోపలంతా తడిసి నల్లబడి, ముక్కు దగ్గరికి రానివ్వడం లేదు. ఎక్కడ పెట్టావు అత్తా? తలగడలోనా?

దారి కనిపెట్టాననే ధైర్యంతో,
నీ మేనకోడలు


ఫిబ్రవరి 18

ఒసేయ్,

దిక్కులేనిదా? నేనా? కొట్టు నడిపి, నిన్ను పెంచి, ఆ వీధిలో సగంమందిని సుఖంగా నిద్రపుచ్చినదాన్ని! ఎవరి పాదాలకే నువ్వు మొక్కింది?

ఆ గుమాస్తా కాగితం పట్టుకుని వార్డు మధ్యలో నిలబడి, "భర్త లేని, దిక్కులేని నిరుపేద ఎవరమ్మా ఇక్కడ?" అని కేకేశాడు. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను. ఇటుకలావిడ నన్ను మోచేత్తో పొడిచి "నువ్వేనటే?" అంది. "నేను కాదు, మగాళ్ళ వార్డేమో" అన్నాను. "భర్త లేని మగాడా?" అంది. వార్డంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

బుర్ర పెట్టి ఆలోచించు. నేను వాళ్ళకి బాకీ లేను. దయ అడిగావంటే బాకీ ఉన్నానని రాసిచ్చినట్టే. నా మెడకి నువ్వే ఉరి పేనావు, అదీ ముత్యాల్లాంటి అక్షరాలతో.

ఇక పరుపు. డబ్బు పరుపులో దాచడమా? అలా దాచి, ఎలకలు కొట్టేస్తే లబోదిబోమన్నవాళ్ళ పరుపులు ఎన్ని విప్పాను నేను! అది మీ బడి పెద్ద పంతులమ్మది. పైన చూసి ఒక ధర చెప్పేశాను. ఆవిడ వెళ్ళాక చెయ్యి వేస్తే లోపల తడి తగిలింది. అందుకే ఆవిడని పిలిపించి, విప్పకముందే ఆవిడకి ఆ తడి చూపించి, కావాలంటే వేరే మాట మాట్లాడుకుని అప్పుడు విప్పుదామని మూలన పెట్టాను. ఇంతలో కడుపు నొప్పి వచ్చిపడింది.

మన పనిలో ఉన్న కట్టుబాటు ఒక్కటే. ధర విప్పకముందు. విప్పాక మాట మార్చకూడదు. లోపల కుళ్ళే ఉండనీ, రాళ్ళే ఉండనీ, అది విప్పినవాడి ఖర్మ. ఎందుకో తెలుసా? విప్పిన పరుపుని మూట కట్టుకుని ఎవరూ ఇంకో కొట్టుకి పోలేరు. దూది నేలమీద పోసి ఉన్నప్పుడు బేరం పెడితే అది బేరం కాదు, మెత్తటి కత్తితో గొంతు కొయ్యడం.

ఆవిడ లేకుండా విప్పావు. నువ్వే బాగుచెయ్యి. చెప్పిన ధరకే. నన్నేం అడగకు.

కోపంగా, అయినా దూది ఏకేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమని చెబుతూ,
అత్త


ఫిబ్రవరి 22

అత్తా,

కుట్టేశాను.

నల్ల దూది పారేశాను. కొట్లో బస్తాలన్నీ ఖాళీ అయ్యాయి, కొత్త దూది కొనడానికి చేతిలో ఏమీ లేదు. నా పరుపు విప్పి, ఆ దూది ఏకి నింపాను. ఇప్పుడు నేను చాప మీద పడుకుంటున్నాను. దబ్బనం చూపుడువేలులో దిగింది. మూలలు నీ అంత బాగా రాలేదు, ఒక మూల కుక్క చెవిలా వేలాడుతోంది. పెద్ద పంతులమ్మ వచ్చి ఒత్తి చూసి, "లోపల బూజు ఉండాలే, వానకి తడిసింది" అంది. "ఉండేదండీ" అన్నాను. "మరి ఎక్కువ అడగవేం?" "విప్పకముందు చెప్పిన ధరే ధరండీ." కళ్ళజోడు తీసి నన్ను చూసింది. నేను ఎక్కం తప్పు చెప్పినప్పుడు కూడా అలాగే చూసేది, అందుకని భయపడ్డాను. చెప్పిన ధర ఇచ్చి, పరుపు బండెక్కించుకుని పోయింది.

డబ్బు లెక్కపెట్టకుండానే చాలాసేపు అరుగు మీద కూర్చున్నాను. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. విప్పిన పరుపుతో మనిషి ఇంకో కొట్టుకి పోలేడు. మరి కోసిన కడుపుతో? నువ్వు ఆ బల్లమీంచి దిగి, కడుపు చేత్తో మూసుకుని, చౌకగా చేసే ఇంకో ఆసుపత్రికి పోగలవా? బూజు పట్టిన పరుపుకి నేను కట్టుబడ్డాను. వాళ్ళెందుకు కట్టుబడరు?

దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి పంపాను. ఈసారి ఎవరి పాదాలూ లేవు. రెండు వాక్యాలే. శనివారం పరీక్ష లేదు. వస్తున్నాను. రావద్దని రాసినా నీ ఉత్తరం ఎలాగూ నేను బయల్దేరాకే అందుతుంది.

చాప మీది
మేనకోడలు

తా.క. నీ దబ్బనం, దారపుండ తెస్తున్నాను. ఆ పరుపుతో ఇంక వేగలేవు.


ఫిబ్రవరి 25
వార్డు

అమ్మడూ,

పరీక్షకి వేళకి చేరావా? బస్సులో ఏమైనా తిన్నావా?

శనివారం నువ్వు నా దగ్గర ఉన్నది కాసేపే. కిందికి దిగాక చేసిందంతా ఇటుకలావిడ మెట్లమీంచి చూసి, మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, వార్తలు చదివినట్టు చెప్పింది. డబ్బు కట్టే వరస పక్కన బల్ల ఎక్కావట. "మా అత్తకి కడుపు కోయకముందు ఒక ధర, కోశాక ఇంకో ధర. మీరు కట్టకముందే అడగండి. మొత్తం ఎంతో కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి" అన్నావట. గొంతు వణికిందట. వణికితే ఏం, ఆగలేదు కదా.

నువ్వు బస్సుకి వెళ్ళాక అసలు కథ నడిచింది. వరసలో ముందున్న ముసలాయన, "అమ్మాయి చెప్పింది బాగానే ఉంది. నా మోకాలికి మొత్తం ఎంతో రాసివ్వు నాయనా" అన్నాడట. గుమాస్తా "అలా రాసిచ్చే పద్ధతి లేదు" అన్నాడు. "అయితే కట్టే పద్ధతీ లేదు" అని ముసలాయన కౌంటరు కిటికీకి అడ్డంగా కూర్చున్నాడు. వెనకాల పురిటికొచ్చిన పిల్ల తల్లి, ఆ వెనక చెయ్యి విరిగిన తాపీ మేస్త్రీ. అందరిదీ అదే పాట. మర్నాడూ అంతే. పెట్టెలో డబ్బు పడటం ఆగేసరికి వాళ్ళకి నొప్పి ఎక్కడ పుట్టాలో అక్కడ పుట్టింది.

ఇవాళ పొద్దున మేనేజరు స్వయంగా పైకొచ్చాడు. చేతిలో నా ఫోను, ఇంటికెళ్ళే చీటీ. "అమ్మా, మీరు వెళ్ళొచ్చు." చీటీ తీసుకుని చదివాను. చదవడం రాదనుకున్నాడో ఏమో, తెల్లబోయాడు. అందులో ఏముందంటే, "మిగిలిన బాకీ దయతో మాఫీ చేయడమైనది."

వెనక్కిచ్చేశాను. "బాకీ ఎక్కడిది, దయ ఎందుకు? చెప్పిన ధర ముందే కట్టాను. అదే రాయండి" అన్నాను. "నిన్నటిదాకా పోనివ్వడం లేదన్నారు, ఇవాళ పొమ్మంటే పోరా?" అన్నాడు. "ఆ మాట మార్చండి, పోతాను." ఫోను తీసుకున్నాను, అది నాదే కనక. చీటీ తీసుకోలేదు.

నువ్వు తెచ్చిన దబ్బనంతో నా పరుపు సరిచేశాను. ఇక ఇటుకలావిడది కూడా విప్పాలి. ఫోను చెయ్యొచ్చు గానీ చెయ్యను. నీ గొంతు వింటే మెత్తబడతాను.

ఇంకా కదలని
అత్త


ఫిబ్రవరి 27
పరీక్ష హాలు బయట, మెట్ల మీద

అత్తా,

నీకు దణ్ణం పెడతాను, ఆ చీటీ తీసుకుని వచ్చెయ్యి. ఒక్క మాట కోసం ఇంకో రాత్రి ఆ మంచం మీదా? కాగితం మీద ఏముంటే ఏంటి, గేటు తెరుచుకుంటే చాలదా? ఆ కాగితం ఎవరు చదవొచ్చారు? నువ్వు ఫోను ఎత్తవు, నేను చేస్తే కట్ చేస్తావు. మొండితనానికి కూడా ఒక హద్దుంటుంది.

పై నాలుగు ముక్కలూ పరీక్షకి ముందు రాశాను. ఇప్పుడు పరీక్ష అయింది. ప్రశ్నలకి జవాబులు రాస్తూనే ఉన్నాను, మధ్యలో నా దరఖాస్తు గుర్తొచ్చింది. "దిక్కులేని నిరుపేద." ఆ మాటలు రాసింది నేనే. బాగా రాశానని మురిసిపోయిందీ నేనే. ఆ కాగితం ఎవరు చదివారు? వార్డంతా విన్నది. నువ్వు దుప్పటి కింద దాక్కున్నావు.

పై ముక్కలు చింపెయ్యకుండా పంపుతున్నాను, నేనేమనుకున్నానో నీకు తెలియాలి. ఉండు అత్తా. ఆ మాట కొట్టేసేదాకా అక్కడే ఉండు. ఆఖరి పరీక్ష సోమవారం. అయ్యాక చాప చుట్టుకుని వచ్చి నీ మంచం పక్కన పరుస్తాను. నాకెలాగూ అలవాటైంది.

నీ
మేనకోడలు


మార్చి 2
బస్సులో

అమ్మడూ,

చాప తేవక్కర్లేదు. ఈ ఉత్తరం కండక్టరు ఇచ్చిన కాగితం మీద రాస్తున్నాను. గతుకుల రోడ్డు, అక్షరాలు గంతులేస్తే నన్ననకు. దీన్ని నా చేత్తోనే నీకిస్తాను. నోటితో చెప్పబోతే సగంలో ఏడుపొస్తుంది, కాబట్టి నా ఎదురుగా నిలబడి చదువు.

నిన్న సాయంత్రం మేనేజరు మళ్ళీ వచ్చాడు. కింద వరస ఇంకా కదలడం లేదట. ముసలాయన మోకాలికి ధర కాగితం మీద రాసిచ్చారట, అది చూసి అందరూ చేతులు చాపారట. ఈసారి చీటీ నా ముందే రాశాడు. "చెప్పిన ధర ముందే చెల్లించారు. బాకీ లేదు." రెండుసార్లు చదివాను. సంతకం కింద తారీకు లేకపోతే వేయించాను. "ఇంక బయల్దేరండి తల్లీ" అన్నాడు. "ఇప్పుడా? ఆవిడ పరుపు విప్పి ఉంది. విప్పింది కుట్టకుండా ఎలా పోతాను?" అన్నాను. ఆయన అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. ఇవాళ పొద్దున్నే కూర్చుని కుట్టేశాను. మూలలు ఎలా తీరాయో చూస్తే నువ్వు కుళ్ళుకుంటావు.

మూట పట్టుకుని కిందికి దిగితే వాచ్‌మన్ పెద్ద గేటు పక్కనున్న చిన్న తలుపు తెరిచాడు. "పెద్దది తియ్యి బాబూ" అన్నాను. ఆ రెక్క తుప్పు పట్టి బిగుసుకుపోయిందట. వరసలోంచి ముసలాయనా తాపీ మేస్త్రీ వచ్చి ఒక చెయ్యి వేశారు. కీచుమంది గానీ, తెరుచుకుంది.

ఇటుకలావిడకి ఫోను ఇచ్చేశారు. చీటీ మాత్రం ఇంకా ఇవ్వలేదు. ముందు ఏ ధర చెప్పారో ఎవరికీ గుర్తులేదంటున్నారు. ఆవిడకి గుర్తుంది. నాకు చెప్పింది, నాకూ గుర్తుంది.

ఈ రాత్రి నా పరుపు మీద ఇద్దరం సర్దుకుందాం. సోమవారం నీ పరీక్ష అయ్యాక నీకు కొత్త పరుపు కుడతాం, మూలలు నువ్వు కుట్టాలి. వచ్చే శనివారం పొద్దుటి బస్సుకి ఇద్దరం ఇటుకలావిడ దగ్గరికి వెళ్దాం. వాచ్‌మన్ ఎందుకొచ్చారని అడిగితే చెప్పడానికి నెపం ఉంది. దబ్బనం ఆవిడ తలగడ కింద వదిలేసి వచ్చాను. మర్చిపోయి కాదు.

నీ ఎదురుగా నిలబడి ఉన్న
మీ అత్త